బోరు నీళ్లు బాగున్నాయంటే సరిపోదు: పెట్రోలు, డీజిల్ ట్యాంకులున్న చోట భూగర్భజలాన్ని ఎలా గమనించాలి

హైదరాబాద్‌లో భూమి లోపల ఇంధనం నిల్వ ఉన్న స్థలాలు మనం అనుకునేదానికంటే ఎక్కువే. పెట్రోల్ బంకులు అందరికీ కనిపిస్తాయి. ఆఫీసు టవర్ల జనరేటర్లకు డీజిల్ అందించే ట్యాంకులు, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల సొంత పంపులు, బస్సు డిపోలు, ఒకప్పుడు బంకు నడిచి ఇప్పుడు కాంప్లెక్స్ లేవబోతున్న ఖాళీ జాగాలు అంతగా కనిపించవు. వీటిలో ఎక్కడైనా లీకు అనుమానం వస్తే, ఆవరణలోని బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపుతారు. రిపోర్టు బాగానే వస్తుంది. అక్కడితో విషయం ముగిసిపోతుంది.

అలా ముగించడం ప్రమాదం. ఆ రిపోర్టు బాగుండటానికీ, ఆ నేల బాగుండటానికీ చాలాసార్లు సంబంధం ఉండదు. ఎందుకో తెలిస్తే, తర్వాత చెప్పే ప్రతి పనీ ఎందుకు చేయాలో దానంతటదే అర్థమవుతుంది.

మన నేల, మన బోర్లు

హైదరాబాద్ కింద ఉన్నది అతి ప్రాచీనమైన గ్రానైటు, నైస్ రాయి. పైన కాస్త మట్టి, దాని కింద శిథిలమైన రాయి, అంటే మొరం. ఈ పొర చాలాచోట్ల 10 నుంచి 20 మీటర్ల వరకు ఉంటుంది. బండలు పైకే తేలిన జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కొన్నిచోట్ల అసలు ఉండదు. మొరం కింద పగుళ్లున్న రాయి, ఇంకా కింద గట్టి రాయి. బోరు వేసేవాళ్లు "గ్యాప్ తగిలింది" అనేది ఆ పగుళ్ల గురించే. లోతున నీళ్లు దొరికేది వాటిలోనే.

ఇప్పుడు లీకైన ఇంధనం సంగతి. పెట్రోలు సాంద్రత 0.72 నుంచి 0.775 వరకు, డీజిల్‌ది 0.81 నుంచి 0.845 వరకు ఉంటుంది. రెండూ నీటికంటే తేలికే. మొరం గుండా దిగి, నీటిమట్టం తగిలిన చోట కూరమీద నూనెలా తేలి పక్కలకు పాకుతాయి. అందులోంచి బెంజీన్, టోలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ కొద్దికొద్దిగా నీటిలో కరిగి, ఆ నీటితోపాటు ప్రయాణిస్తాయి.

మరి మన బోరు ఎలా ఉంటుంది? గట్టి రాయి తగిలేదాకా కేసింగు, ఆ కింద వందల అడుగుల ఖాళీ రంధ్రం, అందులో ఎక్కడో లోతున మోటారు. అది తోడేది లోతు పగుళ్ల నీళ్లు. ఇంధనం ఉన్నదేమో పైన, కేసింగుకు అవతల. పైనుంచి కాస్త కాలుష్యం దిగినా లోతు నీళ్లలో కలిసి పలచబడిపోతుంది. అందుకే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. ఇంకో బాధ కూడా ఉంది. చాలా బోర్లలో కేసింగు చుట్టూ ఉన్న సందును సిమెంటుతో మూయరు. పైన తేలుతున్న ఇంధనం ఆ సందులోంచే లోతు పగుళ్లలోకి జారగలదు. కాబట్టి లీకు అనుమానం ఉన్న స్థలంలో పాత బోరు మోటారును ఆపించడం మొదటి రోజే చేయాల్సిన పని.

ఎంత లీకైతే ఎంత నష్టమో ఒక లెక్క చూడండి. బీఎస్-6 పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాటకూడదు. అంటే ఒక లీటరు పెట్రోల్‌లో 10 మిల్లీలీటర్ల దాకా బెంజీన్, బరువులో దాదాపు 8.8 గ్రాములు. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా పరిమితి 5 మైక్రోగ్రాములే. ఆ 8.8 గ్రాములూ నీటిలో కలిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ప్రకారమే దాదాపు 8.8 లక్షల లీటర్లు తాగడానికి పనికిరావు. 5 వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే సుమారు 175 ట్యాంకర్లు. బెంజీన్ క్యాన్సర్ కారకమని రుజువైన పదార్థం. పక్క అపార్ట్‌మెంట్ పిల్లలు తాగే నీళ్లు కాబట్టి ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

ముందు కాగితాలు, ఆ తర్వాత గునపం

డ్రిల్లింగ్‌కు ముందు ఒకటి రెండు రోజులు కాగితాలతో కూర్చోండి. ట్యాంకులు ఎప్పుడు పెట్టారు, ఒక గోడవా రెండు గోడలవా, పైపులైన్లు ఇనుమువా ప్లాస్టిక్‌వా, చివరి ప్రెషర్ టెస్ట్ ఎప్పుడు, ఎప్పుడైనా ట్యాంకు మార్చారా, పాత ట్యాంకు తీశారా లేక అక్కడే ఇసుక నింపి వదిలేశారా? పాత బంకు జాగా అయితే మరో ప్రశ్న: 2000 ఫిబ్రవరి కంటే ముందు అక్కడ అమ్మకాలు ఉండేవా? దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగింది అప్పుడే. అంతకుముందు నడిచిన బంకు అయితే మట్టి పరీక్షల్లో సీసం కూడా చేర్చాలి.

స్టాకు రిజిస్టర్ చూసేటప్పుడు ఒక రోజు తేడాను పట్టించుకోవద్దు. పెట్రోలు ఒక డిగ్రీ వేడికి సుమారు 0.12 శాతం వ్యాకోచిస్తుంది. 10 వేల లీటర్లు 5 డిగ్రీలు చల్లబడితే 60 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. తేడా ఒకరోజు ప్లస్సు, ఒకరోజు మైనస్సు అయితే అది ఉష్ణోగ్రత, కొలత తేడాలే. నెలల తరబడి మైనస్సు వైపే పేరుకుంటూ పోతుంటే లీకును అనుమానించాలి. అలాగని రిజిస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. సెకనుకు ఒక చుక్క, చుక్కకు 0.05 మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 4.3 లీటర్లు. రోజుకు వేల లీటర్లు అమ్మే బంకులో ఇది మీటర్ల తేడాలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. నెలకు మాత్రం 130 లీటర్లు నేలలోకి దిగిపోతాయి.

ట్యాంకు అడుగున నీళ్లు చేరుతున్నాయేమో కూడా చూడండి. బయటి నీటిమట్టం ట్యాంకు కంటే పైన ఉన్న కాలంలో రంధ్రం గుండా నీళ్లే లోపలికి వస్తాయి. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది కాబట్టి లోతు కొలిచే డిప్ రాడ్‌కు రాసే, నీటిని గుర్తించే పేస్టు ఇథనాల్‌కు సరిపడే రకమై ఉండాలి. పాత పేస్టు ఇథనాల్‌తో కలిసి విడిపోయిన నీటిని సరిగ్గా చూపించదు.

చుట్టూ నడిచి చూడండి

అర కిలోమీటరు పరిధిలో ఉన్న ప్రతి బోరునూ గుర్తించి మ్యాపు మీద పెట్టండి. అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు, వాటర్ ప్లాంట్లు, అన్నిటికంటే ముఖ్యంగా ప్రైవేటు ట్యాంకర్లు నింపే బోర్లు. రాత్రింబగళ్లు తోడే ట్యాంకర్ బోరు చుట్టుపక్కల నీటిని తనవైపు లాగుతుంది, దాంతో కాలుష్యం వెళ్లే దిక్కే మారిపోవచ్చు. మూడు నాలుగు సెల్లార్లు తవ్వుతున్న కొత్త భవనం కూడా అంతే. సెల్లారు గుంతలోంచి నెలల తరబడి నీళ్లు తోడి డ్రైనేజీలోకి వదులుతుంటారు. ఆ గుంత మీ స్థలానికి దగ్గరగా ఉంటే మీ ట్యాంకు కింది నీళ్లు అటే నడుస్తాయి.

ఇక ఇంకుడు గుంత. మన ఊళ్లో వాన నీటిని ఇంకించడం చాలా అవసరం, అందులో రెండో మాట లేదు. కానీ బంకు ఫ్లోరు మీద పడిన నీళ్లన్నీ నేరుగా ఇంకుడు గుంతకు మళ్లిస్తే, కారిన ఇంధనానికి మనమే దారి తవ్వి ఇచ్చినట్టు. గుంతలోకి కప్పు మీది నీళ్లు మాత్రమే వెళ్లాలి. వాహనాలు నిలిచే చోటి నీళ్లు ఆయిల్ వేరుచేసే తొట్టి గుండా విడిగా పోవాలి. ఇప్పటికే గుంత ట్యాంకుల పక్కనే ఉంటే, మీ పరిశీలనలో అదే మొదటి అనుమానిత స్థలం. సైట్ ప్లాన్‌లో దాన్ని తప్పకుండా గీయండి.

పక్క భవనాల సెల్లార్లలో, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో పెట్రోలు వాసన ఉందేమో వాచ్‌మన్లను అడగండి. ఏళ్ల తరబడి అక్కడే ఉండేవాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, పల్లపు చోట నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం చేరితే నిప్పురవ్వతో అంటుకోగలదు. సెల్లారులో వాసన వస్తోందంటే అది నీటి పరీక్షల కోసం ఆగాల్సిన విషయం కాదు. వెంటనే కరెంటు స్విచ్చులు ముట్టుకోకుండా మనుషులను బయటకు పంపి, అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయాలి.

అనుమతులు

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కావాలి. ఇది నీళ్లు తోడే బోరు కాదు, పరిశీలనకు మాత్రమే అని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. ఇంధన నిల్వ లైసెన్సు ఇచ్చేది పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, అదే పెసో. లైసెన్సున్న ఆవరణలో డ్రిల్లింగ్ చేయాలంటే ఆయిల్ కంపెనీ రాతపూర్వక అనుమతి, పని పర్మిట్, గ్యాస్ కొలిచే మనిషి ఉండాల్సిందే. ఆ పూట అమ్మకాలు ఆపండి. ట్యాంకర్ లారీ సరుకు దించే రోజున రిగ్గు పిలవకండి.

పరిశీలన బోర్లు: ఎక్కడ, ఎంత లోతు

మొత్తం పనిలో ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది ఇక్కడే. ఇక్కడ తప్పు జరిగితే తర్వాత ఎంత మంచి ల్యాబ్‌కు పంపినా ప్రయోజనం లేదు.

కనీసం మూడు బోర్లు కావాలి. రెండింటితో నీళ్లు ఏ దిక్కుకు నడుస్తున్నాయో తేల్చలేం. ఒకటి ట్యాంకులకు ఎగువన, బయటినుంచి వచ్చే నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పడానికి. ఒకటి ట్యాంకు గుంతకు దిగువన, గుంత అంచు నుంచి రెండు మూడు మీటర్లలో. ఒకటి దిగువ సరిహద్దు గోడ దగ్గర. బడ్జెట్ ఉంటే డిస్పెన్సర్లు, పైపులైన్ల వైపు నాలుగోది వేయించండి, ఎందుకంటే లీకు ట్యాంకులోనే ఉండాలని లేదు, పైపుల జాయింట్లలోనూ రావచ్చు. ఎగువ, దిగువ ముందుగా తెలియదు కదా అంటారా? నేల వాలు, దగ్గర్లోని చెరువు, నాలా చూసి మొదటి అంచనా వేయండి. పడమటినుంచి తూర్పుకు పారే మూసీ, దానికి రెండు వైపులా గొలుసుకట్టు చెరువులు మన ఊరి వాలును బాగానే చెబుతాయి. తర్వాత కొలతలతో సరిచూసుకోవచ్చు.

లోతు విషయంలో ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: స్లాటెడ్ పైపు, అంటే నీళ్లు లోపలికి రావడానికి సన్నటి చీలికలున్న పైపు, నీటిమట్టానికి పైనా కిందా రెండు వైపులా ఉండాలి. నీటిమట్టం ఎప్పుడూ స్లాట్ల మధ్యలోనే కదలాలి. స్లాట్లు పూర్తిగా నీటి కింద ఉంటే పైన తేలే ఇంధనం పైపులోకి రానే రాదు. బోరు శుభ్రంగా కనిపిస్తుంది, నేల మాత్రం కాదు. మన దగ్గర నీటిమట్టం మే నెలకు బాగా పడిపోయి, వానలయ్యాక నవంబరుకు పైకి వస్తుంది. ఈ తేడా కొన్ని మీటర్లు ఉంటుంది కాబట్టి 3 మీటర్ల స్లాటెడ్ పైపు చాలదు. ఉదాహరణకు ఆ ప్రాంతంలో వేసవి మట్టం 13 మీటర్లు, వానల తర్వాత 8 మీటర్లు అయితే, స్లాట్లు 7 నుంచి 16 మీటర్ల దాకా ఉండేలా చూడండి. భూగర్భజల శాఖ పీజోమీటర్ల (నీటిమట్టం కొలిచే బోర్ల) కొలతలు ఈ అంచనాకు బాగా పనికొస్తాయి.

రిగ్గు డ్రైవరుకు ముందే చెప్పాల్సిన మాట: నీళ్లు ఎక్కువ పడేదాకా దింపకు. అతని అలవాటు, నైపుణ్యం అంతా లోతుకు వెళ్లి నీళ్లు తేవడం మీదే ఉంటుంది. మనకు కావాల్సింది మొరం, దాని అడుగున ఉన్న పగుళ్ల పొర మాత్రమే. ఆ కింది గట్టి రాయిని చీల్చితే పై కాలుష్యానికి కిందికి దారి ఇచ్చినట్టే. కొన్ని ప్రాంతాల్లో వేసవిలో మొరం పూర్తిగా ఎండిపోయి నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. అలాంటి చోట ముందు మొరం మొత్తానికీ పెద్ద కేసింగు దించి, చుట్టూ సిమెంటు గ్రౌటు పోసి, అది గట్టిపడ్డాక, దాని లోపలినుంచి చిన్న సైజు బిట్టుతో పగుళ్ల దాకా వెళ్లాలి. ఖర్చు ఎక్కువే, కానీ వేరే మార్గం లేదు.

డ్రిల్లింగ్ రోజు

మొదటి ఒకటిన్నర మీటరు చేత్తో తవ్వించండి. కేబుళ్లు, ఇంధన పైపులు డ్రాయింగ్‌లో ఉన్నచోటే ఉంటాయన్న హామీ లేదు. ట్యాంకు గుంత లోపల మాత్రం బిట్టు పెట్టవద్దు.

కంప్రెసర్ గాలితో పనిచేసే రిగ్గు అయితే గాలి లైనుకు ఆయిల్ ఫిల్టరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కంప్రెసర్ నూనే మీ బోరులోకి దిగి, లేని కాలుష్యాన్ని చూపిస్తుంది. రాడ్లు, బిట్టు ప్రతి బోరుకూ ముందు వేడినీళ్ల ప్రెషర్‌తో కడిగించండి. ప్రతి మీటరుకూ వచ్చిన మట్టిని విడిగా పెట్టి రంగు, తడి, రాయి రకం రాసుకోండి. ఆ మట్టిని జిప్ కవరులో సగం నింపి, పది పదిహేను నిమిషాలు ఎండలో ఉంచి, పీఐడీ మీటరు (ఇంధన ఆవిరిని కొలిచే చేతి పరికరం) గొట్టం లోపల పెడితే ఆవిరి ఎంతుందో తెలుస్తుంది. ఏ లోతులో రీడింగు పెరిగిందో అదే కీలకమైన సమాచారం. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడటం మాత్రం వద్దు.

పైపు 50 మిల్లీమీటర్ల, మరలతో బిగించే యూపీవీసీ ప్లాస్టిక్‌ది అయితే చాలు. జాయింట్లకు సాల్వెంట్ సిమెంటు అసలు వాడకండి, అందులోని ద్రావకాలే తర్వాత రిపోర్టులో కనిపిస్తాయి. స్లాట్ల చుట్టూ కడిగిన ముతక ఇసుక, స్లాట్ల పైన అర మీటరుకు పైగా ఇసుక, ఆ పైన అంతే మందంలో బెంటొనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బి సందులు మూసే బంకమట్టి), ఆపైన నేల దాకా సిమెంటు, బెంటొనైట్ కలిపిన గ్రౌటు. నేల దగ్గర లారీ ఎక్కినా పగలని, నీళ్లు దిగని మూత, లోపల తాళం ఉన్న క్యాపు. ఎర్ర రంగుతో పరిశీలన బోరు అని రాయించండి. పెట్రోలు దించే మూత అనుకుని సరుకు పోసే ప్రమాదం నిజంగానే ఉంది.

తర్వాత నీళ్లు తేటపడేదాకా తోడి బోరును శుభ్రం చేయించి, కనీసం ఒక వారం కదపకుండా వదిలేయండి.

మట్టాలు కొలవడం

ప్రతి పైపు పైఅంచు మీద ఒక గుర్తు పెట్టి, సర్వే చేసే ఆటోలెవెల్ పరికరంతో ఆ గుర్తు ఎత్తు మిల్లీమీటర్లలో తేల్చండి. చిన్న స్థలంలో నీటిమట్టాల మధ్య తేడా కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది. అన్ని బోర్లూ ఒకే పూట కొలవాలి. వాడాల్సింది నూనె, నీరు రెండింటినీ వేర్వేరుగా గుర్తించే ఇంటర్‌ఫేస్ ప్రోబ్.

తేలే ఇంధనం ఉన్నచోట ఒక సవరణ చేయాలి. పైపు అంచు ఎత్తు 542.30 మీటర్లు, ఇంధనం తగిలిన లోతు 9.10, నీళ్లు తగిలిన లోతు 9.50 అనుకోండి. నీటి ఎత్తు 532.80. కానీ పైన ఉన్న 40 సెంటీమీటర్ల పెట్రోలు బరువుకు నీళ్లు కిందికి నొక్కుకుపోయాయి. 0.40ని సాంద్రత 0.74తో గుణించి కలిపితే అసలు మట్టం 533.10 మీటర్లు. ఈ 30 సెంటీమీటర్లు కలపడం మరిచిపోతే నీళ్లు ట్యాంకు వైపే నడుస్తున్నట్టు మ్యాపు వస్తుంది. అసలు దిక్కు దానికి పూర్తి వ్యతిరేకం కావచ్చు. మరో విషయం, పైపులో 40 సెంటీమీటర్లు ఉందంటే నేలలోనూ అంతే మందం ఉందని కాదు. నేలలో అది చాలావరకు తక్కువే ఉంటుంది.

నమూనా తీసే పద్ధతి

తేలే ఇంధనం ఉన్న బోరునుంచి నీటి నమూనా తీయాల్సిన పనిలేదు, అక్కడ ఇంధనమే కనిపిస్తోంది కదా. దాని మందం రాసుకుని మిగతా బోర్లకు వెళ్లండి. ఎప్పుడూ శుభ్రమైన ఎగువ బోరుతో మొదలుపెట్టి, చెడిన బోరుతో ముగించాలి.

నమూనా తీసే మనిషి ఆ రోజు బండిలో పెట్రోలు కొట్టించుకుని నేరుగా రాకూడదు. సెంటు, శానిటైజర్ వద్దు. నైట్రైల్ గ్లవ్స్ ప్రతి బోరుకూ మార్చాలి. బంకులో వాహనాల పొగ, నాజిల్ ఆవిరి నమూనాలోకి చేరతాయి కాబట్టి తెల్లవారుజామున, అమ్మకాలు ఆపి తీయడం మంచిది.

చిన్న పంపుతో నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల వేగంతో, మట్టం 10 సెంటీమీటర్లకు మించి పడకుండా తోడుతూ ఉండండి. వరసగా మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు, కరిగిన ఆక్సిజన్ 10 శాతం లోపు స్థిరపడితే అప్పుడు సీసా పట్టాలి. అలాంటి పంపు దొరకకపోతే పాత పద్ధతి ఉంది: పైపులో నిలిచిన నీటికి మూడింతలు తోడేయడం. 50 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు దాదాపు 2 లీటర్లు ఉంటాయి. 7 మీటర్ల నీళ్లున్న బోరులో 14 లీటర్లు, మూడింతలంటే 42. చెంబులా పైకీ కిందికీ కొట్టే బెయిలర్‌తో గబగబా లాగితే బెంజీన్ గాలిలోకి పోతుంది, కాబట్టి నెమ్మది తప్పనిసరి.

బెంజీన్ కుటుంబానికి 40 మిల్లీలీటర్ల గాజు వయల్స్, లోపల హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు. సీసా అంచు దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి చూడండి. ఒక్క బుడగ కనిపించినా పారేసి కొత్త సీసాలో పట్టండి. డీజిల్ వర్గానికి లీటరు ముదురు గాజు సీసా. ప్లాస్టిక్ సీసాలు, ముఖ్యంగా వాడేసిన మినరల్ వాటర్ బాటిళ్లు పనికిరావు. అన్నీ ఐసుతో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. యాసిడ్ వేసిన వయల్స్‌ను 14 రోజుల్లో పరీక్షించాలి, డీజిల్ సీసాలోని నమూనాను 7 రోజుల్లో ద్రావకంలోకి లాగాలి. మే నెల ఎండలో ఉప్పల్ నుంచి పటాన్‌చెరు దాకా కారు డిక్కీలో పెట్టుకుని వెళితే ఐసు దారిలోనే కరిగిపోతుంది, అదనంగా తీసుకెళ్లండి.

ల్యాబ్ శుద్ధమైన నీటితో నింపి ఇచ్చిన ట్రిప్ బ్లాంక్ సీసా తెరవకుండా మీతోనే తిరగాలి, దారిలో కాలుష్యం చేరిందేమో అది చెబుతుంది. ల్యాబ్ ఫలితాలు నిలకడగా ఉన్నాయో చూడటానికి ఒక బోరునుంచి రెండో నమూనా కూడా పట్టి వేరే నంబరుతో పంపండి. సీసాలు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఏ సమయానికి మారాయో సంతకాలతో ఫారం ఉండాలి. రేపు వివాదం వస్తే ఈ కాగితమే నిలబడుతుంది.

ల్యాబ్‌ను ఏమడగాలి

చాలా రిపోర్టుల్లో కనిపించేది "ఆయిల్ అండ్ గ్రీజ్: బీడీఎల్", అంటే గుర్తించగల పరిమితి కంటే తక్కువ అని. దీన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ పరీక్షలో నమూనాను ద్రావకంలోకి లాగి, ద్రావకాన్ని వేడిమీద ఆవిరి చేసి, మిగిలినదాన్ని తూకం వేస్తారు. పెట్రోల్‌లోని తేలిక భాగాలన్నీ ఆ వేడికే ఎగిరిపోతాయి. అంటే పెట్రోలు లీకును అది దాదాపుగా చూడలేదు.

మీరు అడగాల్సింది జీసీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి గుర్తించే యంత్రం) మీద బెంజీన్, టోలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్, ఎంటీబీఈ (పెట్రోల్‌లో కలిపే ఒక రసాయనం), నాఫ్తలీన్. వీటితోపాటు పెట్రోలు శ్రేణి, డీజిల్ శ్రేణి హైడ్రోకార్బన్లు విడివిడిగా. బెంజీన్‌ను లీటరుకు 1 మైక్రోగ్రాము దాకా గుర్తించగలరా అని రాతలో అడగండి. ల్యాబ్‌ల నాణ్యతను చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే చాలదు, ఈ పరీక్షలు ఆ గుర్తింపు పరిధిలో ఉన్నాయా అన్నదే ముఖ్యం. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో మినరల్ ఆయిల్ పరిమితి లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. అది ఒక్కటే కొలిచి, బెంజీన్‌ను వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఫలితాలు చదవడం

ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రావద్దు. మన దగ్గర వానాకాలం లెక్కను తారుమారు చేస్తుంది. వేసవిలో నీటిమట్టం దిగుతుంటే తేలే ఇంధనం కూడా దిగుతూ మొరానికి పూసుకుంటుంది. వానల తర్వాత నీళ్లు పైకి వచ్చి ఆ పూతను ముంచేస్తాయి. అప్పుడు పైపులో తేలే ఇంధనం మాయమై, నీటిలో బెంజీన్ మాత్రం పెరగవచ్చు. ఇంధనం కనిపించకపోవడాన్ని చూసి సమస్య తీరిందని అనుకుంటే పెద్ద పొరపాటు. అందుకే ప్రతి ఫలితం పక్కనా ఆ రోజు నీటిమట్టం రాసి, రెండూ ఒకే గ్రాఫు మీద చూడాలి.

లీకు పాతదా కొత్తదా అన్నది నిష్పత్తులు కొంత చెబుతాయి. బెంజీన్, టోలీన్ నీటిలో ఎక్కువ కరుగుతాయి, ముందే కొట్టుకుపోతాయి. అవి ఇథైల్‌బెంజీన్, జైలీన్ కంటే బాగా ఎక్కువగా ఉంటే లీకు ఇటీవలిది లేదా ఇంకా సాగుతోంది. 1 శాతం బెంజీన్ ఉన్న పెట్రోలు తగిలిన నీటిలో కరిగే బెంజీన్ లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. మీ ఫలితం అందులో పదో వంతున్నా, తేలే ఇంధనం దగ్గర్లోనే ఉందని అనుకుని వెతకండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు విషయంలో ఇంకో చిక్కు: నేలలోని సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌ను తినేస్తూ ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి. దాంతో బెంజీన్ విచ్ఛిన్నం ఆలస్యమై, మరింత దూరం వెళ్లగలదు.

నేల తనంతట తాను శుభ్రపడుతోందా అని తెలియాలంటే నైట్రేట్, సల్ఫేట్, కరిగిన ఇనుము కూడా కొలిపించండి. నగర భూగర్భజలంలో మురుగు వల్ల నైట్రేట్ ఎక్కువే ఉంటుంది. ఎగువ బోరులో బాగా ఉండి, ట్యాంకు దిగువ బోరులో దాదాపు లేకపోతే, ఇనుము పెరిగితే, సూక్ష్మజీవులు ఇంధనాన్ని తింటున్నట్టు గుర్తు. ఎగువ బోరులోనే బెంజీన్ కనిపిస్తే అది పక్క స్థలంనుంచి వస్తుండవచ్చు. ముందు మీ మట్టాల మ్యాపు సరిగ్గా ఉందో మళ్లీ చూసుకున్నాకే ఆ మాట బయట అనండి.

కాలుష్యం తేలితే

ట్యాంకును, లైన్లను ఆపి ఖాళీ చేయించాలి. ఆయిల్ కంపెనీకి, పెసోకు, తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలపాలి. అదే రోజు దిగువనున్న బోర్ల యజమానులకు కూడా చెప్పండి. తాగడం, వండటం ఆపమని, మేం పరీక్ష చేయిస్తామని. ఇది కష్టమైన సంభాషణే, కానీ వాయిదా వేసే హక్కు మనకు లేదు. పెట్రోలు నానిన మట్టిలోంచి పోయే ప్లాస్టిక్ నీటి గొట్టాల గోడల గుండా కూడా బెంజీన్ లోపలికి చేరగలదు కాబట్టి జలమండలి కనెక్షన్ ఉన్నవాళ్ల నీళ్లు కూడా పరీక్షించాలి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. కాలుష్యానికి కారకులే ఖర్చు భరించాలన్నది వాటి మూలం. మీ రికార్డులు మొదటిరోజు నుంచి పక్కాగా ఉండటం అందుకు కూడా అవసరం.

తోడిన కలుషిత నీళ్లు, ఇంధనం, మట్టి నాలాలో పోయడానికి వీల్లేదు. డ్రమ్ముల్లో లేబుల్‌తో ఉంచి, ప్రమాదకర వ్యర్థాల మేనిఫెస్టుతో (రవాణా పత్రంతో) దుండిగల్ శుద్ధి కేంద్రం లాంటి అనుమతి ఉన్న చోటికే పంపాలి.

ఎంతకాలం, ఎన్నిసార్లు

కేంద్ర భూగర్భజల మండలి నీటిమట్టాలు కొలిచే కాలాలే మనకూ సరిపోతాయి: జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు. లీకు లేని స్థలంలో ఏడాదికి వేసవి, నవంబరు రెండుసార్లు చాలు. కాలుష్యం తేలిన చోట మొదటి రెండేళ్లు నాలుగుసార్లూ తప్పవు. తగ్గుతోందా పెరుగుతోందా అని చెప్పడానికి ఒకే బోరునుంచి కనీసం ఎనిమిది ఫలితాలైనా చేతిలో ఉండాలి, అది కూడా ఏ కాలాన్ని ఆ కాలంతో పోల్చి చూడాలి.

అవసరం తీరాక పరిశీలన బోర్లను మట్టితో పూడ్చి వదిలేయకండి. సన్నటి గొట్టం అడుగుదాకా దించి, సిమెంటు, బెంటొనైట్ గ్రౌటును కిందినుంచి పైకి నింపుకుంటూ రావాలి. ఒకటి రెండు రోజుల్లో గ్రౌటు కుంగుతుంది, మళ్లీ పైదాకా నింపించండి. పైన కాంక్రీటు వేసి, గోడలనుంచి ఆ చోటు ఎంత దూరమో కొలిచి సైట్ ప్లాన్ మీద గుర్తించి, స్థలం చేతులు మారినప్పుడు కొనేవాళ్లకు ఆ ప్లాన్‌తోపాటు అన్ని రిపోర్టులూ ఇవ్వండి.